ఇరవై ఒక్క ఏళ్ళ నీళ్ళు

లింబాద్రి ఆ దేశంలో దిగి అయిదేళ్ళయింది. మిషన్ ఇరవై ఒక్కటంది.

చూపుడువేలికి సూది గుచ్చి ఒక బొట్టు తీశారు. గాజుపలక మీద పూసి, బీరువా అరలో పట్టేంత డబ్బా ఒకటుంటే దాని నోట్లోకి తోశారు. గ్లాసు టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు. ఎర్ర అంకెలు వెలిగాయి. ఇరవై ఒక్క ఏళ్ళు, ఒక నెల, తొమ్మిది రోజులు.

"ముందు ఎవని పేరు మీద వచ్చినవ్?" అన్నాడు ఖాదర్.

ఖాదర్‌ది బోధన్. ఆ ఆమ్నెస్టీ టెంటులో తెలుగువాళ్ళకు దుబాసీ. పక్క కుర్చీలోని ఆఫీసర్ అరబ్బీలో అన్నది తెలుగులో అడగడం, వచ్చిన జవాబు మళ్ళీ అరబ్బీలో అప్పజెప్పడం అతని ఉద్యోగం. రోజుకు రెండువందల మందిని అదే మాట అడిగి అడిగి ఆ ప్రశ్న అతని నోట్లో గులకరాయిలా నున్నబడిపోయింది.

"ముందెక్కడ్ది అన్నా? నేనొచ్చిందే ఒక్కసారి. అయిదేండ్ల కింద, తొలకరికి, మిరుగు దినాల్ల."

"మిషన్ అవద్ధమాడదు."

"మరి నేనాడుతన్ననా?"

"నీకు నలభై ఒకటి. ఇరవై ఏండ్ల పోరనప్పుడు వచ్చినవ్. పదారేండ్లు దొంగచాటుగ ఉన్నవ్. అటెనుక ఈ పేరు మీద పాస్‌పోర్ట్ పుట్టించినవ్. సారు అంటున్నడు, నేను కాదు."

ఆఫీసర్ లింబాద్రిని చూడనే లేదు. అంకెల్ని చూశాడు. ఫారం మీద ఒక గీత గీశాడు. ఖాదర్ దాన్ని తెలుగు చేశాడు: రెండేళ్ళ లోపు ఎక్కువున్నవాళ్ళకే క్షమాభిక్ష. వాళ్ళకు ఔట్‌పాస్ ఇస్తారు, విమానమెక్కి పోవచ్చు. అంతకు మించితే జైలు. క్షమాభిక్షకు గురువారం ఆఖరు. మిషన్ తప్పని రుజువు తెస్తే ఆలోపల తే. ఇవాళ సోమవారం.

"జైల్ల డయాలసిస్ ఉంటదా అన్నా?" అని అడిగాడు లింబాద్రి.

ఖాదర్ ఆ మాటను అరబ్బీలోకి మార్చలేదు. "నెక్స్ట్" అన్నాడు.

*

జరిగింది ఇది. లింబాద్రి స్టీల్ ఫిక్సర్. నలభై అంతస్తుల మేడకైనా ముందు ఇనుప సలాకలతో గూడు కట్టాలి, ఆ తర్వాతే కాంక్రీటు. మొదటి అంతస్తు నీడ పడేలోపు ఆ గూడు కట్టేవాళ్ళు ఎండలోనే ఉంటారు. చేతి తొడుగుల్లోంచి కూడా ఇనుము కాలుతుంది. నాలుగో వేసవిలో కాళ్ళు ఉబ్బాయి. తర్వాత ముఖం. ఒకనాడు సలాకల మీదే పడిపోయాడు. రెండు కిడ్నీలూ ఎండిన చిక్కుడుగింజలైపోయాయని డాక్టర్లు చెప్పారు.

అతను పదకొండు రోజులు ఆసుపత్రి మంచం మీద ఉంటే, కఫీల్ ఏడో రోజున పోలీసులకు కాగితం పెట్టాడు, నా మనిషి పారిపోయాడని. వీసా ఇప్పించిన యజమాని మాటే అక్కడ సాక్ష్యం. పారిపోయినవాణ్ణి మనవాళ్ళు ఖల్లివల్లి అంటారు. ముక్కులో గొట్టంతో లేవలేక పడుకున్న మనిషి ఆ విధంగా ఖల్లివల్లి అయ్యాడు. ఆ దేశంలో ఉండనిచ్చే అకామా కార్డు చచ్చిపోయింది. దాంతో పాటు ఆసుపత్రి కార్డూ చచ్చింది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉండిపోయింది.

రక్తం కడిగే మిషన్ మాత్రం ఆగకూడదు. ఆగితే నాలుగైదు రోజుల్లో మనిషి తన నీళ్ళలో తానే మునిగిపోతాడు.

గదిలో నలుగురు: హన్మాండ్లు, ముత్తెన్న, రాజలింగం, చిన్నయ్య. అందరూ జగిత్యాల చుట్టుపక్కల వాళ్ళే. నలుగురూ తమ కార్డులు ఇచ్చారు, వంతుల వారీగా. మంగళవారం లింబాద్రి హన్మాండ్లు అయ్యేవాడు, శనివారం ముత్తెన్న. పై వారం రాజలింగం, చిన్నయ్య. డయాలసిస్ సెంటర్లో ఉన్న లిస్సీ సిస్టర్ కేరళ మనిషి. నాలుగో వారానికే ఆమెకు అంతా అర్థమైంది. పైవాళ్ళకు చెప్పలేదు. సూది గుచ్చే ముందు మాత్రం హిందీలో అడిగేది, "ఈరోజు నీ పేరేంటి?" అని.

పద్నాలుగు నెలలు. నూట ఇరవై సార్లు. ఒక్కటి కూడా లింబాద్రి పేరు మీద లేదు.

*

"నా పేరు మీద ముప్పై సార్లు పొడిపిచ్చుకున్నవ్," అన్నాడు ముత్తెన్న ఆ సాయంత్రం గదిలో. "మొన్న సెలవుకు ఇంటికి పోతే నా ఫోన్ల ఆసుపత్రి మెసేజీలు జూసింది మా ఇంటిది. ఒకటే ఏడుపు. కాదే, అది లింబాద్రన్నదే అంటె ఇంటదా? నెల దినాలు ఉప్పు లేని కూడు వెట్టింది."

అందరూ నవ్వారు. లింబాద్రి కూడా నవ్వాడు గానీ నవ్వితే ఎగపోస్తోంది. రెండు మెత్తలు వీపుకు పెట్టుకుని కూర్చున్నాడు. పడుకుంటే ఊపిరాడదు. నోట్లో ఐసుముక్క. రోజుకు గ్లాసున్నరకు మించి నీళ్ళు తాగకూడదని అతనికి హద్దు. అటువంటి మనిషి మీద, ఇరవై ఒక్క ఏళ్ళ నీళ్ళు తాగావని కేసు.

ఆ మిషన్ చూసేది అదే, నీళ్ళు. అక్కడ వాన లేదు, వాగు లేదు. సముద్రాన్ని ఫ్యాక్టరీలో వడగట్టి తాగుతారు. ఎంత వడగట్టినా అందులో ఒక సన్నటి జాడ మిగులుతుంది. ఆ జాడ తాగినవాళ్ళ నెత్తుటిలో రోజురోజుకూ పేరుకుంటుంది. ఎంత పేరుకుందో చూస్తే మనిషి ఆ గడ్డ మీద ఎన్నాళ్ళున్నాడో తెలిసిపోతుంది. కాగితాలను దొంగవి చేయొచ్చు, నెత్తుటిని చేయలేరు. అందుకని రెండేళ్ళ కింద చట్టం మార్చారు. కాగితం ఒకటి, మిషన్ ఒకటి చెప్తే మిషన్‌దే ఖాయం.

హన్మాండ్లు మాటలు తక్కువ మనిషి. గోడ వైపు చూస్తూ అన్నాడు, "రేపు నేను పోయి చెప్త. కార్డు నాది, మనిషి లింబాద్రి అని. నూటిరువై సార్లు నెత్తురు కడిగితె ఒంట్లె ఎన్ని నీళ్ళు దిరిగినయో లెక్క జూసుకుంటరు."

"చెప్తె నిన్ను లోపలేస్తరు. కార్డు ఇంకోనికి ఇచ్చుడు పెద్ద కేసు."

"ఏస్తె ఏస్తరు."

"నీతోని అయిపోతదా? మిగిలిన ముగ్గురు?" లింబాద్రి ఐసుముక్క ఉమ్మేశాడు. "నలుగుర్ని జైల్ల వెట్టి నేనొక్కన్ని విమానమెక్కాల్నా? ఎక్కి సాయవ్వకు ఏం మొకం జూపియ్యాలె?"

సాయవ్వ అతని భార్య. కరీంనగర్ పెద్దాసుపత్రి చుట్టూ తిరిగి తిరిగి, డయాలసిస్‌కు శనివారం పొద్దున వంతు సంపాదించింది. శనివారం నాటికి లింబాద్రి అక్కడ ఉండాలి. అంతే. అతనికి కావలసింది ఈ లోకంలో అదొక్కటే.

రేపు మంగళవారం, కడిగించుకునే రోజు. నెత్తురు కడిగేదీ ఆ సముద్రపు నీళ్ళతోనే. పోతే ఇంకో నలభై రోజుల నీళ్ళు నెత్తుటికెక్కుతాయి. పోకపోతే కాళ్ళ వాపు గుండెకెక్కుతుంది. బతకాలంటే మిషన్ ఎక్కాలి, మిషన్ ఎక్కితే దొంగ అవుతాడు.

అతను పోలేదు.

*

మంగళవారం మధ్యాహ్నం రాజగంగు అతన్ని ల్యాబుకు తీసుకుపోయింది. ఆమెది మల్యాల. వరసకు అక్క. ఆ ల్యాబు ఊడ్చి తుడిచే పని. నీళ్ళ మిషన్ పుట్టింది అక్కడే.

పుట్టించిన మనిషి డాక్టర్ హైమ, బందరు ఆడపడుచు. చెడ్డ ఉద్దేశంతో చేయలేదు. కంపెనీలు కూలీల పాస్‌పోర్టులు దాచేసి, వీడు నిన్నగాక మొన్న వచ్చాడు, వీడికి మేము ఇవ్వాల్సిందేమీ లేదని బొంకుతుంటే ఒళ్ళు మండి చేసింది. ఒక్క నెత్తుటిబొట్టుతో, ఇతను తొమ్మిదేళ్ళుగా ఇక్కడే ఉన్నాడని కోర్టులో చూపించింది. ఏడెనిమిది వందల మంది గెలిచారు. తర్వాత ఇమిగ్రేషన్ వాళ్ళొచ్చి మిషన్‌ను పట్టుకుపోయారు. కూలివాడి కోసం చేసిన కత్తి పిడి ఎప్పుడూ దొర చేతికే పోతుంది. ఆమెకు ఆ సంగతి తెలియనిది కాదు. తెలిసి, ఇంకా మంచి మిషన్ చేసే పనిలో తల దూర్చి కూర్చుంది.

"చేయి చూపించండి," అంది హైమ.

లింబాద్రి ఎడమచేయి చొక్కా పైకి మడిచాడు. మోచేతి దగ్గర, సూదుల కోసం కోసి కలిపిన నరం పాములా ఉబ్బి ఉంది. దాని మీద చేయి వేస్తే తేనెతుట్టె మీద వేసినట్టు గుయ్యిమంటుంది. హైమ వేలు పెట్టి, వెంటనే తీసేసింది.

"డయాలసిసా? ఎన్నాళ్ళ నుంచి?"

"పద్నాలుగు నెల్లు. వారానికి రెండు మాట్ల."

ఆమె గోడ మీది తెల్లబోర్డు దగ్గరికి పోయింది. ఒక్కసారి కడగడానికి నూట ఇరవై లీటర్లు. మనిషి తాగేది రోజుకు మూడు లీటర్లు. నోటితో తాగిన నీళ్ళేమో పేగులు దాటాలి. ఇక్కడ పలుచటి పొర ఒక్కటే అడ్డం, అటు నీళ్ళు, ఇటు నెత్తురు. లెక్క కిందికి దిగిన కొద్దీ పెన్ను నెమ్మదించింది. పదమూడేళ్ళు. మంచం మీద పడుకున్న పద్నాలుగు నెలల్లో ఈ మనిషి పదమూడేళ్ళ నీళ్ళు ఒంట్లోకి ఎక్కించుకున్నాడు.

"జబ్బుపడ్డోళ్ళ మీద ఈ మిషన్ జూడలేదా మేడమ్?" అంది రాజగంగు.

"జబ్బుపడ్డ కూలీ ఇక్కడ ఎక్కడున్నాడమ్మా? మెడికల్లో ఫెయిలైతే మూడో రోజే ఎక్కించి పంపేస్తారు. నాకు దొరికినవాళ్ళంతా గట్టివాళ్ళే."

"దొరకకపోవుడేంది. మీ గది ఊడిసేదాన్ని అడిగితె దొరుకుతుండె."

హైమ చేయి చాపింది. "డయాలసిస్ రికార్డు ఇవ్వండి. ఇప్పుడే ఆఫీసర్‌కి ఫోన్ చేస్తాను."

"రికార్డు లేదు."

"నూట ఇరవై సార్లు చేయించుకుని రికార్డు లేకపోవడమేంటండీ?"

"ఉన్నది మేడమ్. నా పేరు మీద లేదు." లింబాద్రి చొక్కా చేయి కిందికి దించాడు. "ఎవల పేరు మీద ఉన్నదో చెప్ప. పానం పోయినా చెప్ప. అది అడగకుండ్రి."

ఆమెకు చర్రున కోపం వచ్చింది. "రికార్డు లేకుండా నా మిషన్ తప్పని నేనే అంటే, ఈ మనిషి దగ్గర ఏం పుచ్చుకున్నావంటారు. ఒకటే దారి. ఎక్కిన జాడ దిగుతుందని చూపించాలి. జాడ లేని నీళ్ళతో కడిగితే నెత్తుట్లోది అటు లాక్కుంటుంది, ఏళ్ళు తగ్గుతాయి. అది చూస్తే ఎవడైనా ఒప్పుకోవాలి. కానీ ఆ నీళ్ళేవీ? కుళాయిలోదీ సముద్రమే, సీసాలోదీ సముద్రమే. జాడ పూర్తిగా తీసే యంత్రం నా దగ్గర ఉంది, రోజుకు మూడు లీటర్లు ఇస్తుంది. నాకు రెండువందల లీటర్లు కావాలి. రేపటికి."

కిటికీ బయట ఏసీ గొట్టం నుంచి బొట్టు బొట్టుగా నీళ్ళు పడుతున్నాయి. లింబాద్రి దాహంతో ఉన్న మనిషి. నీటి చప్పుడు ఎక్కడున్నా అతని చెవికి ముందు వినిపిస్తుంది.

"ఏసీ నీళ్ళు పనికిరావా మేడమ్?"

"ఏమిటి?"

"ఏసీ వెనుక కారే నీళ్ళు. క్యాంపుల అందరం గొట్టం కింద బకీట్లు వెడ్తం. బట్టలు పిండుకుంటందుకు. ఆ నీళ్ళతోని పిండితె సబ్బు మస్తు నురగ వస్తది. కుళాయి నీళ్ళతోని రాదు. అవి గాలిల నుంచి దిగే నీళ్ళు, సముద్రం నుంచి కాదు గదా?"

హైమ చేతిలో గాజుగిన్నె పట్టుకుని బయటికి పరిగెత్తింది. గొట్టం కింద పట్టి తెచ్చి మిషన్లో పెట్టింది. సున్నా అని పడింది. మళ్ళీ పెట్టింది. సున్నా.

నాలుగు దేశాల్లో చదివిన మనిషి స్టూలు మీద కూలబడి, బట్టలు పిండుకునేవాడి వైపు చూస్తూ ఉండిపోయింది.

*

వేసవిలో అక్కడ పగలు పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని చేయించరాదని చట్టం. ఆ రెండున్నర గంటలు క్యాంపులో ప్రతి గదిలో ఏసీ ఉరుముతుంది. పైగా అది ఉక్కపోత నెల, గాలిని పిండితే నీళ్ళు కారతాయి. మంగళవారం సాయంత్రం నుంచి బుధవారం మధ్యాహ్నం దాకా ఎనభై గదుల గొట్టాల కింద ఎవరూ బట్టలు పిండలేదు.

"ఓ అన్నా, మీ గది నీళ్ళల్ల బల్లి వడ్డది!"

"తీసేయ్. లింబాద్రికి బల్లి పడదు. డాక్టర్ మాంసం బందు వెట్టిండు."

"అంతా వడగడ్తరంటరా. బల్లీ పోతది, నీ చేతుల మురికీ పోతది."

బీహారు వాళ్ళ గదులు, నేపాలు వాళ్ళ గదులు కూడా. ఎందుకని అడిగినవాళ్ళకు హన్మాండ్లు ఒకే మాట చెప్పాడు, "ఒక మనిషిని ఇంటికి తోలాలె." పన్నెండు క్యాన్లు నిండాయి. ముత్తెన్న కంపెనీ వ్యాన్ డ్రైవర్‌ను బతిమాలి ల్యాబుకు చేర్చాడు.

లిస్సీ సిస్టర్ తన సెంటర్ నుంచి మూలనపడ్డ చిన్న డయాలసిస్ మిషన్ ఒకటి అడిగి తెచ్చింది. రెండు గంటలు దాన్ని తుడిచి, నీళ్ళు వడగట్టి, మందులు కలిపింది. లింబాద్రి కుర్చీలోకి ఒరిగేసరికి పెదాలు నల్లబడి ఉన్నాయి. నాలుగు రోజుల నీళ్ళు ఒంట్లోనే ఉన్నాయి. కాలి మీద వేలు నొక్కితే గుంట అట్లాగే నిలబడిపోతోంది.

సిస్టర్ సూది చేత పట్టుకుని అలవాటు కొద్దీ అడిగింది, "ఈరోజు నీ పేరేంటి?"

"లింబాద్రి," అన్నాడు. "ఇయ్యాల నేను లింబాద్రినే, సిస్టర్."

ఆమె తల దించుకుని సూది గుచ్చింది.

ఆఫీసర్ వచ్చాడు, వెంట ఖాదర్. మిషన్ చేసిన డాక్టరమ్మే పిలిస్తే రాకపోవడం కుదరదు. కుర్చీ దూరంగా వేయించుకున్నాడు. అరగంటకొకసారి హైమ ఒక బొట్టు తీసి నీళ్ళ మిషన్లో పెట్టింది. మొదట ఇరవై ఒకటి. అరగంటకు ఇరవై. తర్వాత పంతొమ్మిది మీద కొన్ని నెలలు. ఆఫీసర్ కుర్చీ దగ్గరికి జరిగింది. పదిహేడున్నర. లేచి నిలబడ్డాడు. నాలుగు గంటలు నిండేసరికి పద్నాలుగు.

"ఒక్క పూటలో ఏడేళ్ళు ఈ దేశం విడిచిపోయాడా ఈయన?" అంది హైమ. "కుర్చీలోంచి కదలనన్నా లేదే. పదమూడేళ్ళు డయాలసిస్ నీళ్ళవి. నా మిషన్ తప్పు."

ఖాదర్ అరబ్బీలో చెప్పాడు. ఆఫీసర్ బోర్డు మీది లెక్కను చాలాసేపు చూశాడు. తెలివైనవాడు. వేలు పెట్టి ఒకటి అడిగాడు.

"సారు అడుగుతున్నడు," అన్నాడు ఖాదర్. "డయాలసిస్ పదమూడు. నిజంగ ఉన్నది అయిదు. పద్దెనిమిది అయితది. మిషన్ ఇరవై ఒకటి చూపిచ్చింది. మూడేండ్లు ఎక్కడియి?"

హైమ బోర్డు వైపు తిరిగి నిలబడింది. మళ్ళీ కూడింది. మూడేళ్ళు అట్లాగే మిగిలాయి.

లింబాద్రికి నాలుగు రోజుల తర్వాత ఊపిరి ఆడుతోంది. ఆ సుఖంలో, పెద్దగా ఆలోచించకుండానే అన్నాడు, "మూడు లీటర్లని రాసినవ్ గద మేడమ్, రోజుకు. మూడు లీటర్లు ఎవలు తాగుతరు?"

"మామూలు మనిషి తాగేది అంతే కదండీ. ఈ ల్యాబులో ముప్పై మంది మీద ఏడాది పాటు కొలిచాను."

"ఈ ఏసీల కూసున్నోళ్ళ మీదనా? మేము ఎండల సలాకలు కడ్తం. పొద్దుమీకెదాక పది లీటర్లు, పన్నెండు లీటర్లు. తాగకుంటె పడి సస్తం. చలిదినాల్ల తక్వనే అనుకో. జబ్బు రాకముందు నేను అట్లనే తాగిన. ఆ మూడేండ్లు అయ్యే."



హైమ బోర్డు మీది మూడును చెరిపేసింది. ఇది కిడ్నీ రోగి సంగతి కాదిక. ఇది ఎండలో పనిచేసే ప్రతివాడి సంగతి. సలాకలు కట్టేవాడు, కాంక్రీటు పోసేవాడు, రోడ్డు వేసేవాడు. ఎవడు ఎక్కువ చెమటోడ్చాడో వాడి లెక్క అంత పెరిగింది. నాలుగేళ్ళున్నవాడు ఏడు, ఎనిమిది. కట్టిన జైలు నిండా వాళ్ళే. నీడలో కూర్చున్నవాళ్ళ దాహంతో ఆమె ఈ లోకాన్ని కొలిచింది.

ఖాదర్ అరబ్బీలోకి మార్చడం మరిచిపోయాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఆఫీసర్ రెండుసార్లు గద్దిస్తే అప్పుడు చెప్పాడు, నత్తినత్తిగా.

ఆఫీసర్ కూర్చున్నాడు. కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత చాలా మెల్లగా, మర్యాదగా మాట్లాడాడు. ఖాదర్ నేల చూస్తూ తెలుగు చేశాడు.

"ఈ మనిషికి రేపు పొద్దున్నే ఔట్‌పాస్ ఇస్తడట. సాయంత్రం విమానం. ఎవని కార్డు మీద నెత్తురు కడిగిచ్చుకున్నడో అడగడట. కాని కాయిదం మీద నెత్తురు శాంపిలు తారుమారైందని రాయాలట. మిషన్ తప్పు లేదని డాక్టరమ్మ సంతకం వెట్టాలె. ఈ ముచ్చట ఎక్కడ మాట్లాడనని లింబాద్రి వేలిముద్ర వెయ్యాలె. నోరు తెరిస్తె ఔట్‌పాస్ రద్దు. ఒప్పుకోకుంటె ఫైలు పైకి పోతదట. పోతె నాలుగు నెల్లు. క్షమాభిక్ష రేపటితోని ఆఖరు."

హైమ లింబాద్రి వైపు తిరిగింది. "నేను సంతకం పెడితే లోపలున్న వాళ్ళంతా అక్కడే ఉంటారు. పెట్టకపోతే మీరు... నన్నేం చేయమంటారు?"

లింబాద్రికి ఒళ్ళు మండింది. "నన్నడుగుతరా? మిషన్ జేసెటప్పుడు అడిగిన్రా, లీటర్లెన్ని తాగుతవ్ర అని? ఇప్పుడు నా పానం నా చేతుల వెట్టి, ఏం జెయ్యాల్నో చెప్పుమంటరా?" దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి, గొంతు దించాడు. "సంతకం వెట్టుండ్రి మేడమ్. సచ్చినోడు ఏం మాట్లాడతడు? బతికినోడే మాట్లాడతడు."

ఆమె పెట్టింది. పేరు మొత్తం రాయలేకపోయింది, సగం దాకా రాసి గీత గీసింది. లింబాద్రి ఎడమ బొటనవేలు సిరాలో ముంచాడు. అదే చేతికి ఇంకా పట్టీ ఉంది, నెత్తురు చెమ్మతో.

*

గురువారం టెంటు కిక్కిరిసి ఉంది. ఆఖరి రోజు.

ఔట్‌పాస్ అంటే గోధుమరంగు కాగితం, ఒక ఫోటో, ఒక ముద్ర. దాన్ని రెండు చేతులా పట్టుకుని లింబాద్రి వరస పక్క నుంచి బయటికి నడుస్తున్నాడు. గేటు దగ్గర విమానాశ్రయం వ్యాన్ ఆగి ఉంది. అందులో రాజగంగు పెట్టిన సంచి ఉంది, ఉప్పు లేని చపాతీలు. హన్మాండ్లు, ముత్తెన్న పనిలో ఉన్నారు, పొద్దునే గదిలో కావలించుకుని పోయారు. ఏడుపులు లేవు. "ఇగ నా పేరు నాకిచ్చినవ్," అన్నాడు ముత్తెన్న.

నాలుగడుగులు వేస్తే గేటు.

"పదకొండేండ్లా? నేనొచ్చి ఆరేండ్లు సార్! ఆరే! పెద్దమ్మతల్లి మీద ఒట్టు!"

లింబాద్రి ఆగాడు. మిషన్ ముందు నెరిసిన జుట్టు మనిషి, యాభై దాటి ఉంటాయి. మెడ వెనుక చర్మం తాటిమట్టలా కాలిపోయి ఉంది. చేతులు చూస్తేనే తెలుస్తుంది, తారు పని. ఎదురుగా ఖాదర్. ఖాదర్ నోట్లో ఆ గులకరాయి లాంటి ప్రశ్న సిద్ధంగా ఉంది. కానీ బయటికి రావడం లేదు. అతను ఆ మనిషి తల మీదుగా లింబాద్రినే చూస్తున్నాడు. ఆఫీసర్ పక్కనే, ఫారాల్లో తల దించుకుని.

వ్యాన్ హారన్ కొట్టింది.

శనివారం పొద్దున కరీంనగర్లో మంచం. సాయవ్వ ఆసుపత్రి బయట మెట్ల మీద చీటీ పట్టుకుని కూర్చుంటుంది. వేలికి సిరా ఇంకా పోలేదు. నోరు తెరిస్తే ఈ గోధుమ కాగితం వట్టి కాగితం.

బతికినోడే మాట్లాడతాడని ఎవరన్నారు? తనే అన్నాడు. నిన్ననే.

లింబాద్రి వెనక్కి రెండడుగులు వేశాడు.

"పెద్దమనిషీ," అన్నాడు. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. "రోజుకెన్ని లీటర్లు తాగుతవ్?"

ఆ మనిషి తిక్కగా చూశాడు. "ఏందీ?"

"నీళ్ళు. ఎండల. రోజుకెన్ని?"

"నాకేం ఎరుక... పది. పన్నెండు. ఎందుకు?"

ఆఫీసర్ తల ఎత్తాడు. లింబాద్రిని గుర్తుపట్టాడు. కుర్చీలోంచి లేస్తూ చేయి చాపాడు, ఆ కాగితం ఇటు తెమ్మన్నట్టు. లింబాద్రి ఔట్‌పాస్‌ను రొమ్ముకు అదుముకున్నాడు.

ఖాదర్ లేచాడు. ఆఫీసర్‌కూ లింబాద్రికీ మధ్య నిలబడ్డాడు, అనుకోకుండా నిలబడినట్టు. చేతిలో ఫారం ఉంది. దాని మీద, పేరు కింద, ఎవరూ రాయమనని చోట పెన్నుతో రాస్తూ అరబ్బీలో పెద్దగా అన్నాడు. టెంటంతా వినేటట్టు. తర్వాత తెలుగులో, ఇంకా పెద్దగా:

"ఎండల పన్జేసేటాయిన. రోజుకు పన్నెండు లీటర్లు. రాసిన! మిషన్ మూడే లీటర్ల లెక్క జూస్తది!" వెనక్కి తిరగకుండానే, గొంతు తగ్గించి అన్నాడు, "నువ్వు నడువన్నా. ఇగ నేనడుగుత."

ఆఫీసర్ ఏదో అరిచాడు. దాన్ని తెలుగు చేయడానికి ఎవరూ లేరు. వరసలోవాళ్ళు ముందుకు ముసురుకున్నారు, అతను బల్ల దాటి రాలేకపోయాడు.

లింబాద్రి నడిచాడు. పరిగెత్తడానికి కాళ్ళలో సత్తువ లేదు. గేటు దాటి వ్యాన్ ఎక్కాడు. ఎడమచేతి నరం మీద అరచేయి అదిమి పెట్టుకున్నాడు, అది గుయ్యిమంటూనే ఉంది. డ్రైవర్ తలుపు మూయబోతే, ఒక్క నిమిషం ఆగమన్నాడు.

టెంటులోంచి ఖాదర్ గొంతు వస్తోంది. ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. వరస అటు చివర, ఎండలో నిలబడ్డవాళ్ళు తమ వంతు రాకముందే చెప్పేస్తున్నారు.

"పది!"

"పదకొండు!"

"పన్నెండు, రాసుకో! నాది పన్నెండు!"